చిత్రకారుని సాక్ష్యము



రామచంద్రపురపు పరిసరములలోని వరిచేలను, కాలువగట్లను చూచువారు ఇదియెల్ల ప్రకృతి ప్రసాదమని తలంతురు. ఇందు చాల భాగము మానవుని చేతిపని. నందన సంవత్సరపు కరవు (1832-33) పీడించిన సీమ యిది. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి ముగిసెను. కాలువలు పారినవి, మెట్టలు మాగాణులైనవి. ఎంత భూమి సాగైనదో, ఎంత శిస్తు పెరిగినదో దస్తరములు చెప్పును. కాలువ రాక మునుపు ఆ నేల కంటికెట్లుండెనో, ఏ తోపు పోయెనో, ఏ చెట్టు నిలిచెనో చెప్పుటకు లెక్కలు చాలవు. అది చిత్రకారుని పని.

ఇంగ్లండున టర్నరు 1844లో "వాన, ఆవిరి, వేగము" అను చిత్రమును ప్రదర్శించెను. థేమ్సు నదిపై వంతెన మీదుగా రైలుబండి వానను చీల్చుకొని వచ్చుచుండును. దాని ముందు చిన్న కుందేలు పరుగిడుచుండును. టర్నరు రైలును నిందింపలేదు, కుందేలును మరువలేదు. ఫ్రాన్సు దేశీయుడగు మోనే 1899 మొదలు 1901 వరకు పలుమారులు లండనుకు పోయి, పొగమంచులో మునిగిన థేమ్సును చిత్రించెను. వీరి చిత్రములలో ఆకృతుల అంచులు క్రమముగా మసకబారుట, నాటి గాలిలో పెరిగిన బొగ్గుపొగకు అనుగుణముగా నున్నదని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అందమునకై వ్రాసిన బొమ్మ నూరేండ్లు దాటిన పిదప గాలిని గూర్చి సాక్ష్యము పలికినది.

గోదావరికి అట్టి కన్ను దామెర్ల రామారావు. 1897లో జన్మించిన ఈ రాజమహేంద్రవరపు చిత్రకారుని ప్రతిభను అచటి కళాశాలాధ్యక్షుడగు కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించెను. బొంబాయిలోని జె. జె. కళాశాలలో చదివి, స్వస్థలమునకు మరలి వచ్చి, యువకులకు చిత్రకళ నేర్పెను. మశూచి సోకి 1925లో, ఇరువది యెనిమిదేండ్లు నిండకయే గతించెను. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిటి మందిరములో నున్నవి.

రామారావు ప్రకృతినాశమును ఖండించుటకు కుంచె పట్టెననుట సరికాదు. నదిని ప్రేమించి చిత్రించెను. అయినను ఒక సంగతి గమనింపవలెను. రాజమహేంద్రవరపు రేవున వేసవిలోను నిండుగా, నిశ్చలముగా కనుపించు జలరాశి కొంతవరకు దిగువనున్న ఆనకట్ట నిలిపిన నీరే. ఆ నదిపై రైలువంతెన 1900లోనే, చిత్రకారుని పసితనమున, వెలసినది. ఆయన యెరిగిన గోదావరి అప్పటికే మానవుడు తాకిన గోదావరి. కావున చిత్రకారుడు ప్రకృతిని ఒక ప్రక్కను, మానవుని ఒక ప్రక్కను నిలిపి తీర్పు చెప్పనక్కరలేదు. చేరినదానిని, పోయినదానిని ఒకే పటమున నిజాయితీతో చూపిన చాలును.

నేడు మార్పు మరింత వడిగా జరుగుచున్నది. పోలవరము జలాశయ నిర్మాణముతో దేవీపట్నపు ప్రాంతమున పలు గ్రామములు ముంపు పాలైనవి. జనులు పునరావాస కాలనీలకు తరలిరి. కోనసీమలో పెక్కుచోట్ల వరిచేలు చేపల, రొయ్యల చెరువులైనవి. ఈ మార్పులన్నియు చెడ్డవని కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట అన్నము పెట్టినది. కాని మునిగిన ఊరి రచ్చబండను, గుడి మెట్లను, ఏటిగట్టు చింతచెట్టును కన్నులార చూచినవారు పోయిన పిదప, పిల్లలకు వానిని చూపువారెవరు?

ఛాయాచిత్రము చాలదా యని కొందరడుగుదురు. ఛాయాచిత్రమును తీయవలసినదే. అయితే అది రెప్పపాటున ముగియును. చిత్రకారుడు గట్టుపై గంటల తరబడి కూర్చుండి, ఏది ముఖ్యమో తెలిసికొని వ్రాయును. ఆ యెన్నికయే సాక్ష్యమునకు ప్రాణము. అందులోనే ప్రమాదమును కలదు. అందమునకు అడ్డు వచ్చినదని కరెంటు స్తంభమును, రొయ్యల చెరువును, గుర్రపుడెక్క అల్లుకొన్న కాలువను తుడిచివేయువాడు సాక్ష్యమును చెరిపినవాడగును.

గ్రామ గ్రంథాలయము పుస్తకములతో పాటు ఇట్టి చిత్రములను గూడ భద్రపరుపదగును. ఏటేట బడిపిల్లలు తమ యూరి కాలువను, చెరువును, తోపును ఉన్నది ఉన్నట్లు చిత్రించి తెచ్చినచో, వానిలో మేలైనవి బీరువాలో దాచవచ్చును. కళ తెలిసినవాడు లోపములెంచినను పరవాలేదు. ప్రతి బొమ్మ వెనుక స్థలమును, తేదీని వ్రాయుట మాత్రము మరువరాదు. ఏబదియేండ్ల పిదప ఆ కాలువ యేమైనదో వెదకువానికి, బొమ్మ యెంత అవసరమో ఆ తేదీయు అంతే అవసరము.