నరసాపురం లేసు – అల్లిన చేయి



నూలుదారముతో, కొక్కెపు సూదితో మీరల్లు లేసు దేశదేశములకు పోవుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినందుకు మేమెంతయు సంతసించుచున్నాము. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడును గాని, కూలిని పెంచజాలదు.

ఇంట కూర్చుండి అల్లు స్త్రీలను పనివారుగాక గృహిణులుగానే ఎంచుచున్నారని జర్మను పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువడిన గ్రంథమున చూపినది. సరుకు చేతులు మారినకొలది అల్లిన చేయి మరుగున పడును.

కావున ప్రదర్శనములకు సరుకును పంపి ఊరకుండక, సంఘములుగా కూడి మీరే తరలి రండు. ఒక్కొక్క బల్లగుడ్డకు పట్టిన గంటలు వ్రాసియుంచుడు. కొనువారి యెదుట అల్లి చూపుడు. ఆ గంటలు తెలిసినవారితో వెల మాటలాడుట సులభము. మీ శ్రమకు తగిన వెల మీరే అడుగవలయునని మా కోరిక.