కారు టైర్ల ఆయువు – వారంటీ కాగితము

క్రొత్త కారు కొనువారు రంగు చూతురు, సీట్లు చూతురు, తలుపు తీసి మూసి ఆ చప్పుడును గూడ చెవి యొగ్గి విందురు. క్రిందికి వంగి, చక్రములకు ఏ టైర్లు తొడిగినారో, వానిమీది గాడుల లోతెంతో చూచువారు మాకు ఇంతవరకు తారసపడలేదు. నిజమునకు కారును నేలకు పట్టియుంచునవి ఆ నాలుగు టైర్లే. ఒక్కొక్క టైరు నేలను తాకు మేర ఇంచుమించు అరచేయంత. ఆ నాలుగు అరచేతుల మీదనే ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుకొని మనము ప్రయాణము చేయుచున్నాము.

గడచిన వానకాలములో పుత్తూరు నుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసినవారు టాక్సీ నడుపుకొని జీవించువారు. పుత్తూరు రైల్వే స్టేషనులో దిగిన యాత్రికులను తిరుమల కొండకు కొనిపోవుట, తిరుగు ప్రయాణమున నారాయణవనములో కల్యాణ వేంకటేశ్వరస్వామి దర్శనము చేయించుట వారి నిత్యకృత్యము. బ్యాంకు అప్పుతో క్రొత్త కారు కొన్నారు. పదకొండు నెలలు నిండినవో లేదో, మీటరు 24,000 కిలోమీటర్లు చూపుచుండగా ముందు టైర్లు రెండును లోపలి అంచున నున్నబడిపోయినవి. ఒకనాడు కొండ దిగుచు చినుకులలో బ్రేకు వేయగా కారు మూరెడు ప్రక్కకు జారినదట. లోపల ఒక ముసలమ్మయు, ఇద్దరు పిల్లలును ఉన్నారు. ఎవరికిని ఏమియు కాలేదు. కాని ఆ రాత్రి తమకు నిద్ర పట్టలేదని వ్రాసినారు.

మరునాడు కారు కొన్న షోరూమునకు వెళ్లగా, "టైర్లకూ మాకూ సంబంధం లేదన్నా, టైర్ల కంపెనీవాళ్లని అడగండి" అన్నారట. టైర్ల డీలరు వద్దకు పోగా, "అరుగుడు లోపం కాదప్పా, నీ కారు అలైన్‌మెంటు చూపించుకోపో" అని మరల షోరూమునకే త్రిప్పి పంపినారట. జాబు చివర వారు వ్రాసిన మాట ఇది: "సంవత్సరం తిరక్కముందే టైర్లు పోతే, నేను కంతు కట్టేదా, టైర్లు కొనేదా సార్?"

ఈ ప్రశ్నకు స్టూడియోలో కూర్చుండి సమాధానము చెప్పుట సాధ్యము కాదని తోచి, మేము పుత్తూరు వెళ్లి ఆ కారును చూచితిమి. టైరు గాడి లోతును కొలుచు చిన్న కొలబద్ద యొకటి వెంట తీసికొని పోతిమి. దాని వెల స్వల్పము. ఇంటింట ఉండదగిన వస్తువు.

ముందు టైర్ల లోపలి అంచున గాడి దాదాపు మాసిపోయినది. వెలుపలి అంచున 3 మి.మీ. మిగిలియున్నది. వెనుక టైర్లు సమముగా అరిగి 4.5 మి.మీ. ఉన్నవి. ఇంతవరకు కథ అలైన్‌మెంటు వైపే మొగ్గుచున్నట్లు కనబడినది. అప్పుడు అచ్చట టైర్ల దుకాణము నడుపు పెద్దమనిషి, "ఏమప్పా, స్టెప్నీ ఒకసారి దించు" అన్నాడు. దించినారు. ఒక్కనాడైన నేల తాకని టైరు అది. వెంట్రుకల వంటి రబ్బరు పోగులు ఇంకను దానిపై నిలిచియున్నవి. కొలువగా గాడి లోతు 6.5 మి.మీ. మాత్రమే! అదే కంపెనీ, అదే పేరు, అదే కొలత గల టైరు ఆ దుకాణములో అమ్మకమునకు ఉన్నది. దానిని కొలువగా 8 మి.మీ. ఉన్నది.

ఈ తేడా చిన్నదని తోచవచ్చును. లెక్క వేసి చూతము. కార్ల విషయమున గాడి లోతు 1.6 మి.మీ.కు తగ్గినచో ఆ టైరు పనికిరాదని నిబంధన. గాడుల అడుగున అడ్డముగా చిన్న గట్లు పోసియుందురు. అంచున త్రికోణపు గుర్తో, అక్షరములో ఆ గట్టున్న చోటును చూపును. టైరు అరిగి ఆ గట్టుతో సమమైనదా, దాని పని ముగిసినట్లే. కావున దుకాణపు టైరులో వాడుకకు వచ్చునది 6.4 మి.మీ.; కారుతో వచ్చిన టైరులో 4.9 మి.మీ. మాత్రమే. అనగా ఇంచుమించు నాలుగవ వంతు ఆయువు కర్మాగారములోనే తగ్గిపోయినది. కారు యజమాని దానిపై ఒక్క కిలోమీటరైనను నడుపకమునుపే!

దీనిని మోసమని అనవచ్చునా? మేము అట్లు అనము. టైరు తయారుచేయుట యనగా ఒకదానికొకటి పొసగని మూడు గుణములను ఒక్క రబ్బరు ముద్దలో ఇముడ్చుట. తడి నేలపై పట్టుండవలెను, తేలికగా దొర్లవలెను, చిరకాలము మన్నవలెను. ఒకదానిని పెంచినచో తక్కిన రెంటిలో ఏదో యొకటి సాధారణముగా తగ్గును. మన దేశములో 2017 నుండి కార్ల కంపెనీలకు ఇంధన పొదుపు నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అందువలన కారు కంపెనీ టైర్ల కంపెనీని కోరునది మొదట తేలికగా దొర్లుటయే. గాడి లోతు తగ్గించిన టైరు బరువు తగ్గును, దొర్లుటలో వృథాయగు శక్తియు తగ్గును. ప్రకటనలో లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకొనుటకు అది తోడ్పడును. శబ్దము తక్కువ, మెత్తదనము ఎక్కువ కావలెనని మరొక కోరిక. వేల సంఖ్యలో కొనుచున్నారు గనుక ధర తగ్గవలెనని ఇంకొకటి. ఈ బేరములో కారు కొనువాని తరపున, "ఇది ఎన్నాళ్లు మన్నును?" అని అడుగువారు లేరు. ఆ విషయము కొనువానికి ఎవరును చెప్పకుండుటయే మా దృష్టిలో తప్పు.

టైరు మన్నికలో శాస్త్రము సాధించినది తక్కువయేమి కాదు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందినాడు. 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ రేడియల్ నిర్మాణమునకు పేటెంటు పొందినది. పొరలు ఏటవాలుగా పేర్చిన పాత రకపు టైర్ల కంటె ఇవి ఎంతో అధికముగా మన్నినవి. నేడు ఆ విద్య మన ముంగిటికే వచ్చినది. పుత్తూరు ఇప్పుడు చేరియున్న తిరుపతి జిల్లాలోనే, వరదయ్యపాళెము మండలము చినపాండూరులో అపోలో సంస్థ వారి టైర్ల కర్మాగారము 2020లో పని ప్రారంభించినది. అవతల పెనుకొండ వద్ద కియా వారి కార్ల కర్మాగారము 2019 నుండి కార్లు వెలువరించుచున్నది. కారును, టైరును రాయలసీమ గడ్డ మీదనే పుట్టుచున్న ఈ కాలమున, వాని గుణదోషములను తెలిసికొనుట మనకు దూరపు సంగతి కాదు.

ఇక రెండవ సగము కథ. దీనిని దాచిపెట్టి ఊరకుండుట న్యాయము కాదు. ముందు టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగినవని చెప్పియుంటిమి. అది టైరు చేసిన తప్పు కాదు, చక్రముల వరుస తప్పుట వలన కలిగినది. చక్రము నేరుగా పోవలసిన దిశ నుండి పావు డిగ్రీ ప్రక్కకు తిరిగియున్నచో, ప్రతి కిలోమీటరునకు టైరు నాలుగు మీటర్లకు పైగా అడ్డముగా ఈడ్వబడినట్లు లెక్క. మొదటినుండి అట్లే యున్నచో, 24,000 కిలోమీటర్లలో అది నూరు కిలోమీటర్లు దాటును. ఏ రబ్బరు దీనికి తాళగలదు?

పుత్తూరు పేరు చెప్పగానే దక్షిణ దేశమంతయు తలచుకొనునది ఎముకల కట్టు. ఎముక విరిగి వచ్చినవానికి కట్టు కట్టువారు తొలుత చేతితో తడిమి ఎముక వరుస సరిచేయుదురు. పిదపనే పట్టీ చుట్టుదురు. అట్టి ఊరిలో నివసించుచు, కారు చక్రముల వరుసను పదకొండు నెలలలో ఒక్కసారియు చూపలేదని మేము మిత్రునితో పరిహాసమాడితిమి. వారు నవ్వి ఊరకున్నారు. చక్రముల స్థానములను మార్చుటయు వారు చేయలేదు. ముందు చక్రములే ఇంజను బలమును మోయు కార్లలో ముందు టైర్లు త్వరగా అరుగుట సహజము. కావున 8,000 నుండి 10,000 కిలోమీటర్లకు ఒకసారి ముందువానిని వెనుకకు, వెనుకవానిని ముందుకు మార్చుట వాడుక. దీనికి తోడు ఘాటు రోడ్డు. మలుపు మలుపున కారు బరువంతయు వెలుపలి టైరుపై ఒరుగును. దిగునపుడు బ్రేకు భారమంతయు ముందు టైర్లపై పడును. ఇతర ఊళ్లలో ఏడాది పొడవున టైరుకు కలుగని శ్రమ ఈ దారిలో నెలలో కలుగునన్నను అతిశయోక్తి కాకపోవచ్చును.

గాలి మాట గూడ ఒకటి చెప్పవలసియున్నది. గాలి తక్కువైన రెండు అంచులు అరుగును, ఎక్కువైన నడుమ అరుగును. కారు తలుపు వద్ద అతికించిన చీటీలో ఎన్ని పాయింట్లు పట్టవలెనో వ్రాసియుండును. దానిని ఉదయముననే, టైరు చల్లగా నున్నపుడు చూచుకొనవలెను. మే నెలలో మధ్యాహ్నము రేణిగుంట దాక నడిపి వచ్చి, గాలి ఎక్కువైనదని తీసివేయువారిని మేము పలుమారు చూచితిమి. వేడికి పెరిగిన గాలి అది. సాయంత్రమునకు తక్కువై కూర్చుండును.

ఇప్పుడు వారంటీ కాగితము విప్పుదము. కారు కంపెనీల వారంటీలో సాధారణముగా టైర్లు చేరియుండవు; వానికి టైర్ల కంపెనీయే పూచీ. ఆ పూచీ గూడ తయారీ లోపమునకే, అనగా పొరలు ఊడుట, బుడ్డ లేచుట వంటివానికే. అరుగుదలకు కాదు. కావున షోరూమువారు చెప్పినదియు, డీలరు చెప్పినదియు కాగితము మీద సత్యమే. అమెరికాలో ఇంకొక విధానము కలదు. దుకాణములో విడిగా అమ్ము టైర్లలో పెక్కింటికి ఇన్ని మైళ్లు మన్నునని వ్రాతపూర్వకమైన హామీ ఇత్తురు. 60,000 మైళ్ల హామీ గల టైరు 45,000 మైళ్లకే సమముగా అరిగినచో, మిగిలిన నాలుగవ వంతు విలువను క్రొత్త టైరు ధరలో తగ్గింతురు. కాని చక్రముల స్థానము సకాలమున మార్చినట్లు రసీదులు చూపవలెను. ఒక ప్రక్క మాత్రమే అరిగిన టైరుకు హామీ వర్తింపదు. చమత్కారమేమనగా, అచ్చట గూడ క్రొత్త కారుతో వచ్చిన టైర్లకు ఈ మైళ్ల హామీ సాధారణముగా ఉండదు. పుత్తూరు మిత్రుని కష్టము పుత్తూరుకే పరిమితము కాదు.

కొన్ని టైర్ల ప్రక్కభాగమున 'ట్రెడ్‌వేర్' అను మాటయు, ప్రక్కన 300, 400 వంటి అంకెయు ఉండును. అది కిలోమీటర్ల హామీ యని పలువురు భ్రమపడుదురు. అది అమెరికా ప్రభుత్వ నిబంధన ననుసరించి కంపెనీవారే వేసికొను తులనాత్మకమైన అంకె. టెక్సాస్ రాష్ట్రములో 400 మైళ్ల నిర్ణీతమైన దారిలో మొత్తము 7,200 మైళ్లు నడిపి, ఒక ప్రమాణపు టైరుతో పోల్చి దానిని నిర్ణయింతురు. రెండు టైర్లలో ఏది గట్టిదో ఊహించుటకు కొంత సాయపడును, అంతే. ఆ ప్రక్కనే నాలుగంకెల గుర్తు ఒకటి కలదు. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. అది టైరు పుట్టిన తేదీ. దానిని చూడక టైరు కొనరాదు.

న్యాయము కోరదలచినవారికి దారి లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. నష్టము కలిగిన రెండేండ్ల లోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. అవసరమైన వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించు అధికారము కమిషనుకు కలదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే అచ్చట అడుగు మొదటి ప్రశ్న ఇదే: టైరు క్రొత్తగా నున్నపుడు లోతెంత? ఎప్పుడెప్పుడు కొలిచితివి? ఆ సాక్ష్యము మన మిత్రునికి స్టెప్నీ రూపమున దక్కినది. 2020 జూలైలో చేసిన సవరణ ప్రకారము, గాలి పీడనము తెలుపు సాధనమును, మరమ్మతు పెట్టెయు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదు. అట్టివారికి మూగసాక్షి కూడ లేదన్నమాట.

పుత్తూరు మిత్రుడు కమిషను దాక పోలేదు. స్టెప్నీ కొలత ఫొటోతో షోరూమునకు మరల వెళ్లగా, చాల సేపు వాదించిన పిదప, అలైన్‌మెంటు ఉచితముగా చేసి, రెండు టైర్ల వెలలో కొంత తగ్గించి ఇచ్చినారట. ఎంత తగ్గించినది బయట చెప్పవద్దని కోరినారట గనుక మేమును చెప్పుట లేదు. దుకాణపు పెద్దమనిషి సలహా మేరకు క్రొత్త టైర్లను వెనుకకు వేసి, వెనుకవానిని ముందుకు మార్చినారు. తడి దారిలో వెనుక చక్రములు జారినచో కారు గిర్రున తిరిగిపోవునని, అది మరింత ప్రమాదమని ఆయన చెప్పిన మాట సరియైనదే.

సంక్రాంతికి మరల కలిసికొన్నపుడు వారు డాష్‌బోర్డు అరలో నుండి ఒక చిన్న పుస్తకము తీసి చూపినారు. మొదటి పుటలో వారి అమ్మాయి చేతివ్రాతతో ఇట్లున్నది: వెనుక టైర్లు, 8 మి.మీ., మీటరు 24,310. దాని క్రింద రెండవ వరుస: 7.4 మి.మీ., మీటరు 30,150. మూడవ వరుసకు గీత గీసియున్నది, అంకె ఇంకను వేయలేదు.