ఆరంబాక్కం బంకు దగ్గర

2021 సెప్టెంబరులో చెన్నై నుంచి ఊరికి పోతూ ఆరంబాక్కం పెట్రోలు బంకులో ఆగాను. వరుసలో ఇద్దరి వాదన. ఒకాయనది తమిళం, కుర్రాడిది తెలుగు. ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది.

"ఎన్నికల్లో డి.ఎం.కె. 5 రూపాయలు తగ్గిస్తామంది. ఆగస్టులో తగ్గించింది మూడే!"

"మూడైనా తగ్గింది గదన్నా! మా ఆంధ్రాలో వ్యాట్ 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. అందుకే తడ దాటి వచ్చాను."

2017లో వచ్చిన జి.ఎస్.టి.లో పెట్రోలును కలపలేదు. పన్ను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే.

పంతులు బుద్ధి ఊరుకోదు గదా, కల్పించుకున్నాను: "ఆ 3 రూపాయల వల్ల ఖజానాకు ఏటా 1,160 కోట్లు తగ్గుతుందని బడ్జెట్టులోనే చెప్పారు. బళ్ళకూ ఆసుపత్రులకూ ఆ డబ్బే గదా?"

"అయితే మీ జీతం కోసం నేను పెట్రోలు కొనాలా సార్?" అన్నాడు కుర్రాడు.

జవాబు వెతుక్కునేలోగా వరుస కదిలింది.