మాత్ర మానొద్దు, మాట జారొద్దు



హెచ్‌ఐవి ఎలా వస్తుందో మనం చాలాసార్లు విన్నాం. ఈరోజు ఇంకో సంగతి మాట్లాడుకుందాం. మందు చేతికి అందాక కూడా కొందరు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు?

ఒకప్పుడు ఈ మందులు కొనాలంటే నెలకు వేల రూపాయలు అయ్యేవి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. విజయవాడ పెద్దాసుపత్రిలోని ఏఆర్‌టి కేంద్రంలో ఇస్తారు. ఇప్పుడు పెద్దవాళ్లలో చాలామందికి రోజుకు ఒక్క మాత్రే.

ఈ మందు క్రిమిని పూర్తిగా చంపదు. అణిచి ఉంచుతుంది. మన కాలవ గట్టు లాంటిది. గట్టుకు గండి పడితే ఏమవుతుంది? చేను మునుగుతుంది. మాత్ర మానినా అంతే. అణిగిన క్రిమి మళ్లీ పెరుగుతుంది. మందుకు లొంగకుండా మొండికేస్తుంది. అప్పుడు వేరే మందులు వాడాల్సి వస్తుంది.

మరి ఎందుకు మానేస్తారు?

కొందరు ఒంట్లో బాగుందని మానేస్తారు. బాగున్నది మందు వల్లేనని మరిచిపోతారు.

కొందరికి పని తొందర. నాట్లప్పుడు, కోతలప్పుడు చీకటితోనే బయల్దేరతాం. మాత్ర ఇంట్లోనే ఉండిపోతుంది. అలాంటివాళ్లు రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చేమో డాక్టరును అడగాలి. ఏ వేళ పెట్టుకున్నా రోజూ అదే వేళ. మరిచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి. రెండు మాత్రలు కలిపి మింగకూడదు.

కొందరికి తల తిరుగుతుంది, నిద్ర పట్టదు. సొంతంగా మానొద్దు. డాక్టరుకు చెప్పాలి. రక్తం పట్టే ఐరన్ మాత్రలు, గ్యాసు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. అవి ఈ మందు బలం తగ్గించగలవు.

అన్నిటికన్నా పెద్ద కారణం భయం. ఒక చెల్లెలు మాత్రల డబ్బా మీది కాగితం చించేస్తుంది. బియ్యం డబ్బాలో దాస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే నాలుగు రోజులు తియ్యదు. ఊరివాళ్లు చూస్తారని దగ్గరి ఆసుపత్రి వదిలి దూరం పోతుంది. కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. ఒక నెల పోలేకపోతుంది. ఆమెకు శ్రద్ధ లేదా? ఉంది. కానీ అత్తవారు గెంటేస్తారని, పిల్లల్ని బళ్లో వేరుగా కూర్చోబెడతారని బెంగ.

ఆ చెల్లెలికి మనం రెండు మాటలు చెప్పాలి. 2017లో ఒక చట్టం చేశారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. హెచ్‌ఐవి ఉందని ఎవరినీ ఇంట్లోంచి గెంటకూడదు. బడి నుంచి, పని నుంచి తీసేయకూడదు. రెండోది బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బు లేదు. సందేహాలుంటే 1097కు ఫోను చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

మందు సరిగ్గా వాడితే క్రిమి పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం కలయిక వల్ల భర్తకు అంటదు. గర్భిణి మొదటినుంచీ వాడితే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది.

మరి మన వంతు ఏమిటి? ఎవరి సంగతైనా మన చెవిన పడితే అక్కడే ఆగాలి. నీళ్ల పంపు దగ్గర నోరు జారొద్దు. మన నోరు అదుపులో ఉంటే ఆ చెల్లెలు డబ్బా దాచదు. వేళకు మాత్ర వేసుకుంటుంది. పిల్లల్ని పెంచుకుంటుంది.