టీసీ చేతిలో పెట్టే ముందు



2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు అనేక గృహాలలో పగలూ రాత్రీ తారుమారయ్యాయి. రాత్రంతా క్యాబ్ నడిపిన తండ్రి ఇల్లు చేరేసరికి కొడుకు బడికి బయలుదేరుతుంటాడు. అటువంటి బాలుడు తరగతిలో పదేపదే అల్లరి చేస్తే, 'రేపు మీ అబ్బాను తీసుకురా' అనడం సులభమే. ఆ తండ్రి నిద్ర మానుకొని వస్తాడు. అందరి ముందు కొడుకును రెండు దెబ్బలు వేసి వెళతాడు. మరునాడు అల్లరి మళ్లీ మొదలవుతుంది.

కఠిన శిక్షల నడుమ పెరిగిన పిల్లవాడు ఉత్సాహం కోల్పోతాడనీ, భయంతో అబద్ధాన్నీ కపటాన్నీ నేర్చుకుంటాడనీ, క్రమంగా అవే అతని స్వభావమవుతాయనీ ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లోనే హెచ్చరించాడు. బెత్తాన్ని మన సంప్రదాయమని సమర్థించేవారు ఈ సంప్రదాయాన్ని కూడా చదవాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ బాలుణ్ణీ బడి నుంచి బహిష్కరించరాదు. అయితే ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పును అడ్డుపెట్టుకొని గోడకుర్చీలు, గుంజీలు కొనసాగించడం నాకు సిగ్గుచేటుగా తోస్తుంది. రాజ్యాంగం 30వ అధికరణ మనకిచ్చినది విద్యాసంస్థలను నెలకొల్పి నిర్వహించుకొనే హక్కు. బెత్తం పట్టే హక్కు కాదు. 6–14 ఏళ్ల ముస్లిం బాలలలో నాలుగోవంతు మంది బడిలో చేరనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లో తేల్చింది. మనం కోపంతో ఇచ్చే ప్రతి టీసీ ఆ లెక్కకు మరొకరిని చేరుస్తుంది.

మరి ఏమి చేయాలి? ముందుగా రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాసి చూడండి: అల్లరి ఏ పీరియడ్‌లో మొదలైంది, దానికి ముందు ఏమి జరిగింది, తరువాత అతనికి ఏమి దక్కింది. తరచుగా అది గట్టిగా చదవమన్నప్పుడే మొదలవుతుంది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. చదవలేక నవ్వులపాలు కావడం కంటే బయటకు గెంటించుకోవడమే ఆ బాలునికి గౌరవంగా కనిపిస్తుంది. అతణ్ణి బయట నిలబెడితే కోరినదే ఇచ్చినట్లవుతుంది! ఆ పాఠాన్ని ముందురోజే అతనితో ఒంటరిగా చదివించండి. తప్పును వదిలేయమని నేననడం లేదు. బల్ల విరగ్గొడితే బాగుచేయించడంలో అతడూ చేయి వేయాలి. తోటివాణ్ణి కొడితే వెళ్లి క్షమాపణ కోరాలి. శిక్ష చిన్నదైనా తప్పనిసరిగా ఉండాలి, అందరికీ ఒకేలా ఉండాలి. ఒకని తప్పుకు తరగతినంతా దండిస్తే మాత్రం మీ పక్షాన ఒక్కరూ మిగలరు.

ఇక తల్లిదండ్రులకు కబురు. బడి నుంచి ఫోన్ వస్తే ఫిర్యాదే అనే భయం ఇంటింటా ఉంది. అతడు బుద్ధిగా ఉన్న రోజున కూడా ఒకసారి ఫోన్ చేయండి. రాత్రి డ్యూటీ చేసేవారితో సమావేశం వారు నిద్ర లేచిన తరువాత, సాయంత్రం ఏర్పాటు చేయండి. తండ్రులు కూడా ఆ సాయంత్రం తప్పక రావాలి.