ఉప్పునీటిలో ఇనుము

సముద్రముపై సాగిపోవు తెరచాప పడవను చూచువారికి చాపయే కనబడును. గాలి ఎంత నెట్టినను ఆ పడవ బోర్లపడకుండ నిలుపునది నీటి అడుగున ఉండు బరువైన లోహపు రెక్క. దీనిని కీల్ అందురు. కొన్ని పడవలకు దీనిని సీసముతోను, కొన్నింటికి పోత ఇనుముతోను చేయుదురు. సీసము తుప్పు పట్టదు, కాని ఖరీదెక్కువ. ఇనుము చౌక, కాని ఉప్పునీరు దానికి పరమశత్రువు. ఇనుప కీల్‌కు రంగు వేయు విధమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

రంగు అనగానే మనకు అందము తలపునకు వచ్చును. ఇచ్చట రంగు అలంకారము కాదు, అడ్డుగోడ. గోడ నిలువవలెనన్న పునాది గట్టిగ నుండవలెను. కావున ఈ పనిలో అధికభాగము రంగు డబ్బా మూత తీయుటకు ముందే జరుగును.

పడవను గట్టెక్కించిన పిదప కీల్‌ను మంచినీటితో బాగుగ కడిగి ఉప్పును పోగొట్టవలెను. గుంటలలో ఉప్పు మిగిలినచో అది కొత్త రంగు క్రిందికి తేమను లాగి బొబ్బలెక్కించును. తరువాత తుప్పును తొలగింపవలెను. తీగ బ్రష్షు తుప్పును నునుపు చేసి, శుభ్రమైన ఇనుమేయన్న భ్రమ కల్పించును. అందుచేత గట్టి రవ్వను గాలి ఒత్తిడితో చిమ్మించి, బూడిదవన్నె లోహము బయటపడువరకు ఒలిపించుట మేలు. పాత రంగు ధూళి విషము. ముక్కునకు తగిన మాస్కు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

శుభ్రపడిన ఇనుము కొన్ని గంటలలోనే మరల ఎర్రబారును. కావున మొదటి ఎపాక్సీ పూత ఆనాడే పడవలెను. మంచు బిందువుకంటె లోహము కనీసము 3 డిగ్రీలు వెచ్చగ నుండవలెను; లేనిచో కంటికి కనబడని చెమ్మపై రంగు వేసినట్లగును. అంచులవద్ద రంగు పలుచబడును గనుక అచ్చట అదనముగ పూయవలెను. ఎపాక్సీ పూతలు ఒకటి రెండు చాలవు; అనేకము కావలెను.

చిట్టచివర, నాచును గవ్వపురుగులను అంటనీయని రంగు వేయుదురు. అందులో తరచుగ రాగి సమ్మేళనముండును. ఉప్పునీటిలో రాగి ఇనుమును తాకినచో ఇనుము క్షీణించును. ఇందుకు ఒక దృష్టాంతము కలదు. బ్రిటిష్ నౌకాదళము 1761లో అలారమ్ అను యుద్ధనౌక అడుగునకు రాగి రేకులు తొడిగించెను. 1763లో పరీక్షింపగా ఇనుప మేకులు అనేకము తినివేయబడియుండెను. రేకునకు మేకునకు నడుమ గోధుమవన్నె కాగితము మిగిలిన చోట్ల మాత్రము మేకులు చెక్కుచెదరలేదు. నాడు ఆ కాగితము చేసిన పనినే నేడు ఎపాక్సీ పూతలు చేయుచున్నవి. వాని అవసరము ఎంతటిదో దీనివలన తెలియును.

పడవలు మాకెక్కడివని శ్రోతలు అనవచ్చును. కాని విశాఖపట్టణమందును, కాకినాడయందును సముద్రపుగాలి తగులు ఇండ్ల కిటికీ ఊచలకును ఇదే ధర్మము. తుప్పు గీకకుండ ఏటేట సంక్రాంతికి రంగుపై రంగు పూసినచో పైకి మెరుపే. లోపల ఊచ కరగుచునే యుండును. రంగునకు వెచ్చించు దినముకంటె దానికి ముందు గీకుటకు, కడుగుటకు, ఆరబెట్టుటకు వెచ్చించు దినములే ఇనుమునకు ఆయుష్షు పోయును.