రక్తపుపోటు, చక్కెర జబ్బు: ఆశా కార్యకర్త తోడ్పాటు



గట్టుమీద నిలబడి చూస్తే వరిచేను పచ్చగానే వుంటుంది. దుబ్బు విడదీసి మొదలు చూచిన రైతుకే దోమ కనబడుతుంది. ఆకులు ఎండేదాకా ఆగితే మందు కొట్టినా దక్కేది కొంచెమే. మన వొంటి సంగతీ అంతే. రక్తపుపోటు వున్న చాలామందికి నొప్పి వుండదు, జ్వరం వుండదు. చక్కెర జబ్బు కూడా యేండ్ల తరబడి బయటపడకుండానే వుండవచ్చు. తీరా తెలిసేసరికి కాలూ చెయ్యీ పడిపోవడమో, గుండెపోటో, మూత్రపిండాలు చెడడమో జరుగుతుంది.

“అవి కూర్చుని తినేవాళ్ళ జబ్బులు, ఎండలో కష్టం చేసే మనకెందుకు వస్తవి?” అని కొందరు అంటారు. ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామాలలో జరిగిన మరణాలకు కారణాలను విచారించి 2006లో ప్రకటించారు. అందులో దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్ల జరిగినవే. కనుక పల్లెకు యీ బెడద లేదనుకోవడం పొరపాటు.

మరి దుబ్బు విడదీసి చూచేదెవరు? మీ వూరి ఆశా కార్యకర్త. 2005లో మొదలయిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద సుమారు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున వీరిని నియమించారు. కాన్పులు, టీకాల విషయంలో ఆమె మీకు తెలిసిన మనిషే. ఇప్పుడు 30 యేండ్లు నిండినవారి వివరాలు కూడా వ్రాసుకుంటుంది. వయస్సెంత, చుట్ట, బీడీ, సారా అలవాటున్నదా, వొంటికి శ్రమ వున్నదా, తల్లిదండ్రులకు యీ జబ్బులున్నవా అని అడుగుతుంది. టేపుతో నడుము కొలుస్తుంది. వీటన్నిటికీ మార్కులున్నవి. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పంపుతుంది. దాటకపోయినా 30 నిండినవారందరూ పరీక్ష చేయించుకోవలసినదే. సిగ్గుపడి అలవాట్లు దాచకండి.

పరీక్షకు పొలంనుంచి పరుగున పోవద్దు. అయిదు నిమిషాలు కూర్చుని, నెమ్మదించిన తరువాతనే పోటు చూపించుకోవాలి. అరగంట ముందునుంచి చుట్ట, కాఫీ, టీ మానాలి. 140 మీద 90 గాని, అంతకు మించి గాని వుంటే మళ్ళీ చూచి డాక్టరు నిర్ణయిస్తారు. పరగడుపున చక్కెర 126 గాని, అంతకు మించి గాని వుంటే దానినీ మరొకసారి చూపించుకోవాలి. మందు వ్రాయవలసింది డాక్టరే. ఆ మందు ఆగిపోకుండా చూడడంలోనే ఆశా కార్యకర్త తోడ్పాటు గొప్పది.

ఎందుకంటే అసలు చిక్కు అక్కడే వున్నది. నెల రోజులు మందు వేసుకుంటాం, అంకె దిగుతుంది. “అక్కా, నాకు బాగానే వుంది, ఇంక మాత్రలెందుకు?” అంటాం. “మాత్ర వేసుకుంటున్నావు గనుకనే బాగున్నది, అన్నా!” అంటుంది ఆమె. ఆ మాట నిజం. ఒక తడి పెట్టి చేను పచ్చబడగానే నీళ్ళు కట్టివేస్తామా?

పైగా నాట్ల రోజులలో ఆసుపత్రికి పోతే ఆనాటి కూలి పోతుంది. అందుకని మాత్రలు అయిపోవడానికి వారం ముందే ఆమెతో చెప్పండి. ఉపకేంద్రంలో మందు యేనాడు ఇస్తారో తెలుసుకుని, పని చూచుకుని వెళ్ళవచ్చు.

ఇంటివద్ద చూచుకోవలసినవి కొన్ని వున్నవి. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలలోని ఉప్పు కూడా అందులో లెక్కే. చక్కెరకు మందు వాడేవారు ఏమీ తినకుండా పొలానికి పోరాదు. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్ళు తిరిగితే వెంటనే పంచదార గాని బెల్లం గాని తినాలి. జేబులో బెల్లం ముక్క వుంచుకోండి. బురదలో దిగినవారు సాయంకాలం పాదాలు కడిగి, వేళ్ళ సందులు చూచుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ పుండు ముదిరితే కాలికే ముప్పు.

ఇంటింటికీ తిరిగినందువల్ల ఫలితముంటుందా? బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెలలో 2016 నుంచి 2019 వరకు పరీక్షించి చూచారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మూడు నెలలకొకసారి ఇంటికి వచ్చి, పోటు చూచి, సలహా చెప్పి, అవసరమైనవారిని డాక్టరువద్దకు పంపారు. రెండేండ్లకు ఆ గ్రామాలవారి పోటు, మామూలు వైద్యం మాత్రమే అందిన గ్రామాలవారికంటె సగటున 5 అంకెలు ఎక్కువగా తగ్గింది. ఇది చిన్నదిగా తోచినా, ఊరంతటికీ లెక్క వేస్తే ఎన్నో పక్షవాతాలను తప్పించగలదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు సమావేశం పెట్టేరోజున ఆశా కార్యకర్తను, నర్సమ్మను కూడా పిలవండి. విత్తనాల మాటతోపాటు ఒక పావుగంట పోటు చూడడానికి కేటాయించండి.

రైతు సోదరులారా! ఈసారి ఆమె మీ గడపలోకి వచ్చినప్పుడు “పనిలో వున్నాం, తరువాత రా అమ్మా” అని పంపివేయకండి. చెయ్యి కడుక్కుని వచ్చి ఆమెముందు కూర్చోండి.